ఫ్రేజల్ వెర్బులు: అశోక్‌నగర్ జాబితాలు, తెలుగు జంట క్రియలు

ఇంగ్లీషులో ఒక మామూలు క్రియ పక్కన అప్, ఔట్, ఆఫ్, ఆన్, డౌన్, ఓవర్ లాంటి చిన్న మాట చేరి, రెండూ కలిసి ఒకే క్రియగా పనిచేస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ‘గివ్’ అంటే ఇవ్వడం, ‘గివ్ అప్’ అంటే మానేయడం. ‘పుట్’ అంటే పెట్టడం, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం. విడివిడిగా ఈ మాటలన్నీ హైస్కూలు పిల్లలకు తెలిసినవే. కలిసేసరికి డిగ్రీ పూర్తిచేసినవాళ్లు కూడా తడబడతారు. ఈ చిక్కు కొత్తది కాదు, మనవాళ్లకే పరిమితమైనదీ కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే, పరాయివాళ్లను అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టేవి ఈ కలయికలేనని, అందుకే వాటిని ప్రత్యేక శ్రద్ధతో చేర్చానని చెప్పాడు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంతో జనంలోకి వచ్చింది. ఆ పేరును తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ రాసుకున్నాడు. క్రియ పక్కన చేరే చిన్న మాటను వ్యాకరణంలో పార్టికల్ అంటారు.

హైదరాబాదులో ఈ పాఠాన్ని రోజూ ముందేసుకుని కూర్చునేవాళ్లు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో వేలల్లో ఉంటారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి నారాయణగూడ వైపు వచ్చే ఈ కొద్దిపాటి మేర కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు, రీడింగ్ రూములకు, జిరాక్సు షాపులకు పెట్టింది పేరు. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి సొంత పుస్తకాలు సంచిలో పెట్టుకుని వచ్చి, పొద్దంతా అక్కడే చదువుకునేవాళ్లు ఎందరో. వీరిలో ఎక్కువమంది జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లూ చాలామందే. వీళ్లు రాసే ఉద్యోగాల పోటీ పరీక్షల్లో చాలావాటిలో ఇంగ్లీషును తప్పించుకునే వీలు లేదు. ఎస్సెస్సీ సీజీఎల్ టైర్-1లో 100 ప్రశ్నలుంటే 25 ఇంగ్లీషువి, వాటికి 50 మార్కులు. ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో 30 ఇంగ్లీషు ప్రశ్నలకు 20 నిమిషాలే ఇస్తారు. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ పేపరు 150 మార్కులకు ఉంటుంది. ఆ మార్కులు ర్యాంకులో కలవవు గానీ, అందులో అర్హత దాటకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు.

ఈ వీధుల్లో చేతులు మారే మెటీరియల్లో ఫ్రేజల్ వెర్బుల పేజీలు దాదాపు ఒకే మూసలో కనిపిస్తాయి. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు, అంతా అక్షర క్రమం. ‘గివ్ అవే’ ఎదురుగా ‘బహిర్గతం చేయుట’, దాని కింద ‘గివ్ ఇన్’ ఎదురుగా ‘లొంగుట’, ‘గివ్ అప్’ ఎదురుగా ‘విడనాడుట’, ఇలా వరుసగా వందల మాటలు. వాక్యం ఉంటే ఒకటి, చాలాచోట్ల అదీ ఉండదు. ఈ పద్ధతిలో కష్టపడేది అభ్యర్థి, లోపం మాత్రం జాబితాది. మొదటి లోపం, ఒకే క్రియతో మొదలయ్యే అరడజను మాటలు పక్కపక్కనే కూర్చోవడం. వాటిని కలిపి బట్టీ పెడితే పరీక్ష హాల్లో గుర్తొచ్చేది ‘గివ్’ ఒక్కటే, దాని పక్కన అప్పా, ఇన్నా, ఔటా అన్నది తేలదు. రెండో లోపం ఇంకా లోతైనది, దాని మీద ఎవరూ పెద్దగా దృష్టి పెట్టరు. కుడివైపు రాసిన తెలుగు మనం మాట్లాడే తెలుగు కాదు. సిగరెట్లు విడనాడానని ఎవరూ అనరు, మానేశానంటారు. రహస్యం బహిర్గతం చేశాడని పేపర్లో రాస్తారేమో గానీ, ఇంట్లో మాత్రం బయటపెట్టేశాడంటారు.

ఈ తేడా చిన్నది కాదు. ఫ్రేజల్ వెర్బులు ఇంగ్లీషులో ఏ పొరకు చెందినవో గమనిస్తే కారణం తెలుస్తుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు, ఆ తర్వాత చదువు ద్వారా లాటిన్ మాటలు ఇంగ్లీషులోకి వరదలా వచ్చిపడ్డాయి. అందుకే ఒకే పనికి రెండేసి క్రియలు మిగిలాయి. ‘పోస్ట్‌పోన్’ ఉంది, ‘పుట్ ఆఫ్’ ఉంది. ‘టాలరేట్’ ఉంది, ‘పుట్ అప్ విత్’ ఉంది. ‘ఎక్స్‌టింగ్విష్’ ఉంది, ‘పుట్ ఔట్’ ఉంది. మొదటివి ఆఫీసు కాగితాలవి, రెండోవి వంటింటివి, వీధివి. తెలుగుకూ సరిగ్గా ఇలాంటి రెండు పొరలున్నాయి. సహించడం ఉంది, ఓర్చుకోవడం ఉంది. పరిత్యజించడం ఉంది, వదిలేయడం ఉంది. అన్వేషించడం ఉంది, వెతకడం ఉంది. మన జాబితాలు ఇంగ్లీషు వాడుక మాటకు తెలుగు గ్రాంథికపు మాటను జత కడుతున్నాయి. అర్థం తప్పు కాదు, పొర తప్పు. అభ్యర్థి మనసులో ‘పుట్ అప్ విత్’ ఒక బరువైన పుస్తకపు మాటగా నాటుకుంటుంది, నోటికి ఎప్పటికీ రాదు. ‘ఓర్చుకోవడం’, ‘వేగడం’, ‘భరించడం’ అని చెప్పి చూడండి. ‘వాడితో వేగలేను’ అన్న తెలుగు వాక్యం వినగానే ఆ ఇంగ్లీషు మాట ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది.

అసలు విషయం ఇంకొకటి ఉంది. ఫ్రేజల్ వెర్బు చేసే పనిని తెలుగు కూడా చేస్తుంది, వేరే సామగ్రితో. మన వ్యాకరణంలో శబ్దపల్లవం అని ఒకటుంది. నామం క్రియతో కలిసి, విడి మాటల్లో లేని కొత్త అర్థాన్ని ఇస్తే దాన్ని అలా పిలుస్తారు. చేయి, పట్టు కలిసి చేపట్టు అయింది. ‘ప్రాజెక్టు చేపట్టారు’ అన్నప్పుడు అక్కడ ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ‘టేక్ అప్’ సరిగ్గా ఇదే. తలపెట్టడంలో, తలపడడంలో తల ఎంత ఉందో ‘గివ్ అప్’లో ఇవ్వడం అంత ఉంది. ఇదిగాక క్రియ మీద క్రియ ఎక్కే పద్ధతి మనకు మరీ విస్తారం. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసిన ‘ఎ గ్రామర్ ఆఫ్ మోడర్న్ తెలుగు’ 1985లో వచ్చింది. తెలుగు నేర్చుకునే బయటివాళ్లకు వేయు, పోవు, పెట్టు, కొను లాంటి అనుబంధ క్రియలు ఎంత ముఖ్యమో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. ‘తిన్నాడు’కీ ‘తినేశాడు’కీ తేడా ఏమిటని ఒక పరాయి విద్యార్థి అడిగితే మనకు చెప్పడం కష్టం, వాడడం మాత్రం పుట్టుకతో వచ్చింది. ఆ తేడాయే ‘ఈట్’కీ ‘ఈట్ అప్’కీ ఉన్నది. పని మొత్తం పూర్తయిందని, ఏమీ మిగల్లేదని చెప్పడానికి ఇంగ్లీషు అప్‌ను తెస్తుంది, మనం వేయును తెస్తాం. ‘డ్రింక్ అప్’ తాగేయి, ‘యూజ్ అప్’ వాడేయి, ‘టేర్ అప్’ చింపేయి.

పోవు ఇంకా ఆసక్తికరమైనది. మనిషి చేతిలో లేకుండా దానంతటదే జరిగిపోయే పనులను తెలుగు పోవుతో చెబుతుంది, ఇంగ్లీషు ఆ పనిని నాలుగైదు పార్టికల్స్‌కు పంచింది. చెరువు ఎండిపోతే ‘డ్రై అప్’, దీపం ఆరిపోతే ‘గో ఔట్’, చెప్పులు అరిగిపోతే ‘వేర్ ఔట్’, టికెట్లు అమ్ముడైపోతే ‘సెల్ ఔట్’, ఇంట్లో బియ్యం అయిపోతే ‘రన్ ఔట్’, బస్సు దారిలో ఆగిపోతే ‘బ్రేక్ డౌన్’, గుడిసె కాలిపోతే ‘బర్న్ డౌన్’, మత్తు మందు ప్రభావం దిగిపోతే ‘వేర్ ఆఫ్’. అదే పోవు, ముందున్న క్రియ తూతో ముగిస్తే, ఎడతెగని పనిని చెబుతుంది. చెప్పుకుంటూ పోవడం, రాసుకుంటూ పోవడం. ఇంగ్లీషులో ఆ పని ఆన్‌ది: ‘గో ఆన్’, ‘కీప్ ఆన్’, ‘క్యారీ ఆన్’. బయట అన్న మన మాటను ఔట్ పక్కన పెట్టి చూస్తే అక్కడా పోలిక తెలుస్తుంది. నిజం బయటపడితే ‘కమ్ ఔట్’, ఆరాతీసి తెలుసుకుంటే ‘ఫైండ్ ఔట్’. దాగి ఉన్నది వెలుగులోకి రావడమనే భావన రెంటిలోనూ ఒకటే. పైకి రావడం, కిందికి దిగడం కూడా అంతే. మర్యాద, గెలుపు, ఎదుగుదల రెండు భాషల్లోనూ పైనే ఉన్నాయి. చిన్నచూపు, తగ్గుదల కిందే. ‘లుక్ డౌన్ ఆన్’ అర్థాన్ని తెలుగువాడికి విడిగా బట్టీ పట్టించాల్సిన అవసరమే లేదు. 1996లో జోల్తాన్ కోవెచెష్, పీటర్ సాబో హంగేరియన్ విద్యార్థులతో చేసిన అధ్యయనంలో, అప్, డౌన్ వెనకనున్న ఇలాంటి భావనలను ముందు వివరిస్తే, విద్యార్థులు అంతకుముందు చదవని ఫ్రేజల్ వెర్బులను కూడా మెరుగ్గా పూరించారని తేలింది.

పార్టికల్‌ను బట్టి అర్థం పట్టుకునే ఈ పద్ధతికి మొదట ఎదురయ్యే అభ్యంతరం న్యాయమైనదే. పార్టికల్ తర్కం అన్నిచోట్లా నిలబడదు కదా, ‘టర్న్ డౌన్’ అంటే కాదనడం, ‘టర్న్ అప్’ అంటే ఊడిపడడం, ఇందులో కిందేమిటి, పైనేమిటి అని అడగవచ్చు. ఒకే మాటకు పొంతన లేని అర్థాలున్నప్పుడు ఊహతో పనేముంది? ‘గో ఆఫ్’నే తీసుకుంటే, అలారం మోగినా ‘గో ఆఫ్’, బాంబు పేలినా ‘గో ఆఫ్’, బ్రిటన్‌లో పాలు విరిగినా ‘గో ఆఫ్’, కరెంటు పోయినా ‘గో ఆఫ్’. ఊహ ఒక్కటే చాలదన్నది నిజం. ఫారం నింపడాన్ని ‘ఫిల్ ఇన్’ అన్నా ‘ఫిల్ ఔట్’ అన్నా ఒకటే కావడానికి తర్కంతో జవాబు చెప్పబోతే అతితెలివి అవుతుంది. కానీ అనేకార్థాలు మనకు కొత్తవా? అన్నం పెట్టడం, దండం పెట్టడం, బొట్టు పెట్టడం, పేరు పెట్టడం, ఇబ్బంది పెట్టడం, పరీక్ష పెట్టడం. వీటిని మనం పట్టిక వేసుకుని నేర్చుకోలేదు. పక్కన ఏ మాట వస్తే ఏ అర్థమో వింటూ పట్టుకున్నాం. ‘గో ఆఫ్’కూ అదే మార్గం. అలారంతో ఒకసారి, పాలతో ఒకసారి, కరెంటుతో ఒకసారి, మొత్తం వాక్యంగా చదవాలి. పార్టికల్ తర్కం జ్ఞాపకానికి ఊతం, వాక్యం దానికి పరీక్ష. రెంటిలో ఏ ఒక్కటి తీసేసినా రెండోది కుంటుపడుతుంది.

రెండో అభ్యంతరం కోచింగ్ క్లాసుల్లో తరచూ వినిపించేది: ఇంగ్లీషు నేర్చుకోవాలంటే తెలుగును పక్కన పెట్టి ఇంగ్లీషులోనే ఆలోచించాలి. ఈ సలహా వినడానికి బాగుంటుంది. కానీ మాతృభాష ప్రమేయం లేకుండా ఎవరి చదువూ సాగదని ఈ విషయంలో జరిగిన పరిశోధనలే చెబుతున్నాయి. 1985లో డాగుట్, లాఫర్ అనే పరిశోధకులు హీబ్రూ మాతృభాషగా ఉన్న విద్యార్థులను పరిశీలించారు. హీబ్రూలో ఇలాంటి క్రియలు లేవు. ఆ విద్యార్థులు ఫ్రేజల్ వెర్బులను తప్పించుకుని ఒంటి క్రియలతో పని గడుపుకున్నారు. అయితే 1989లో హుల్‌స్టైన్, మర్చేనా డచ్ విద్యార్థుల మీద చేసిన పరిశీలన ఇంకో సంగతి బయటపెట్టింది. డచ్‌లో ఇలాంటి క్రియలు దండిగా ఉన్నాయి. అయినా వాళ్లు కొన్నిటిని తప్పించారు. కారణం, అవి మరీ తమ భాషలా ఉండటం. ఇంత దగ్గరి పోలిక ఉంటే ఎక్కడో తప్పు ఉండి ఉంటుందని వాళ్లు జంకినట్టు పరిశోధకులు భావించారు. మనకు పనికొచ్చేది ఈ రెండో ఫలితమే. సొంత భాషలో పోలిక ఉంటే సరిపోదు, ఆ పోలికను నమ్మవచ్చో లేదో ఎవరో ఒకరు చెప్పాలి. ‘అయిపోయింది’ అన్న మాటకూ ‘రన్ ఔట్’కూ చుట్టరికం ఉందని క్లాసులో ఒక్క నిమిషం చెబితే ఆ జంకు తీరుతుంది. తార్నాక దగ్గరున్న ఇఫ్లూ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఇంగ్లీషు బోధన మీద ఇంతకాలం పనిచేసిన సంస్థ ఊళ్లోనే ఉండగా, అశోక్‌నగర్ అభ్యర్థి చేతిలో ఇప్పటికీ రెండు వరుసల జాబితాయే ఉండడం బాధాకరం.

తెలుగు పోలిక మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచకూడదు. తిరిగి అన్న మాట మనసులో ఉండబట్టే ‘రిటర్న్ బ్యాక్’ అంటాం. గురించి అన్న మాట వల్లే ‘డిస్కస్ అబౌట్’ అంటాం. ‘కోప్ అప్ విత్’ అన్నది తెలుగు వల్ల కాదు గానీ, ‘కీప్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’ పక్కపక్కన చదివిన ప్రభావంతో దేశమంతా పాకిన తప్పు. సరైనది ‘కోప్ విత్’. తప్పు పట్టే ప్రశ్నల్లో ఇలాంటివి అడుగుతూనే ఉంటారు. హైదరాబాదులో ఫలానా ఏడాది ‘పాసౌట్’ అంటే డిగ్రీ పూర్తిచేసినవాడు, బ్రిటన్‌లో మామూలు సంభాషణలో ‘పాస్ ఔట్’ అంటే స్పృహ తప్పడం. వీటన్నిటికంటే పెద్ద తేడా మాటల క్రమంలో ఉంది. తెలుగులో ‘ఆపేయి’ని మధ్యలో చీల్చి కర్మను దూర్చలేం. ఇంగ్లీషులో అది తప్పనిసరి కూడా కావచ్చు. ‘టర్న్ ఆఫ్ ద లైట్’ అనవచ్చు, ‘టర్న్ ద లైట్ ఆఫ్’ అనవచ్చు. లైట్ బదులు ఇట్ వస్తే మాత్రం ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే, ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు. అదే ‘లుక్ ఆఫ్టర్’ విషయంలో ఇట్ చివరికే వెళ్లాలి, ఎందుకంటే అక్కడ ఆఫ్టర్ తన వెనక వచ్చే మాటను పట్టుకునే విభక్తిలాంటిది. ఈ రెండు జాతులను చెవితో పట్టవచ్చు. మొదటిదాంట్లో నొక్కు పార్టికల్ మీద పడుతుంది, రెండోదాంట్లో సాధారణంగా క్రియ మీదే ఉంటుంది. ఇక్కడ తెలుగు సాయం రాదు, ఇంగ్లీషు వాక్యాలు గట్టిగా చదవడమే దారి.

టైము లేదన్నది మూడో అభ్యంతరం. నోటిఫికేషన్ పడ్డాక పరీక్షకు మిగిలేది కొద్ది నెలలు, అందులో ఇంగ్లీషుకు రోజుకు గంట దొరికితే ఎక్కువ, అలాంటప్పుడు ఒక్కో మాటకు వాక్యాలు, పోలికలు చదువుతూ కూర్చోగలమా అని అభ్యర్థి అడగడంలో తప్పులేదు. హాస్టలు అద్దె, మెస్సు బిల్లు నెలనెలా కట్టేవాళ్ల ప్రశ్న ఇది. జవాబు లెక్కల్లో ఉంది. 2007లో గార్డ్‌నర్, డేవిస్ పది కోట్ల మాటల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను జల్లెడ పట్టారు. అందులో కనిపించిన ఫ్రేజల్ వెర్బుల ప్రయోగాల్లో దాదాపు మూడో వంతు కేవలం 25 మాటలవి. 100 మాటలు తీసుకుంటే సగం పైచిలుకు వచ్చేస్తుంది. అయితే ఆ వందకూ సగటున ఐదారు అర్థాలున్నాయి. 2015లో గార్నియర్, ష్మిట్ ఆ లెక్కను ఇంకా సులువు చేశారు. 150 ఫ్రేజల్ వెర్బులు తీసుకుని, నిజంగా తరచూ వాడుకలో ఉన్న అర్థాలనే ఉంచితే 288 మిగిలాయి, అంటే ఒక్కోదానికి సుమారు రెండు. వెయ్యి మాటల జాబితాను మూడుసార్లు తిరగేసి మర్చిపోవడానికి పట్టే సమయంలో ఈ 288 అర్థాలను వాక్యాలతో సహా నేర్చుకోవచ్చు. టైము తక్కువున్నవాడికి జాబితా దగ్గరదారి అన్నది భ్రమ. పైగా పరీక్షలో చాలా ప్రశ్నలు వాక్యంలో ఖాళీగానో, పేరాలో భాగంగానో వస్తాయి, ఒంటరి మాటగా కాదు.

ఆఫీసు ఇంగ్లీషుకు ఇవి అక్కర్లేదనే వాదన ఉంది, అది ఎక్కువసేపు నిలవదు. ప్రభుత్వ నివేదిక ఏది తెరిచినా కమిటీని ‘సెట్ అప్’ చేశారనో, సర్వే ‘క్యారీ ఔట్’ చేశారనో, లోపాన్ని ‘పాయింట్ ఔట్’ చేశారనో కనిపిస్తుంది. ఈ చివరిదానికి మన దగ్గర అచ్చంగా అలాంటి మాటే ఉంది, ఎత్తిచూపడం.

నిజానికి ఈ అభ్యర్థుల నోళ్లలో ఫ్రేజల్ వెర్బులు ఇప్పటికే తిరుగుతున్నాయి, నామాల వేషంలో. కటాఫ్ ఎంత ఉండొచ్చన్న చర్చ లేకుండా ప్రిలిమ్స్ సాయంత్రం గడవదు. ఫోను స్విచాఫ్ వస్తోందంటాం, పికప్ పాయింట్ ఎక్కడంటాం, డ్రాపౌట్, లేఆఫ్, బ్యాకప్, లాగౌట్ అంటాం. వీటిని విప్పితే పాఠం మొదలుపెట్టవచ్చు. కటాఫ్‌లో ఒక గీత దగ్గర కోసేయడం ఉంది, అదే ‘కట్ ఆఫ్’ క్రియగా మారి వరదల్లో ఊరికి రాకపోకలు తెగిపోయాయని చెప్పడానికి పనికొస్తుంది, ఫోను మాట్లాడుతుండగా లైను తెగిపోయిందని చెప్పడానికీ పనికొస్తుంది. తెగడమనే అర్థాన్ని పట్టుకున్నవాడికి ‘బ్రేక్ ఆఫ్’ అంటే సంబంధం తెంపుకోవడమని, ‘పే ఆఫ్’ అంటే అప్పు తీర్చేసి దాని నుంచి తెగదెంపులు చేసుకోవడమని మళ్లీ చెప్పనక్కర్లేదు.

కాబట్టి తెలుగువారి కోసం ఫ్రేజల్ వెర్బుల నిఘంటువు తయారుచేసేవారు క్రియల అక్షర క్రమాన్ని వదిలి పార్టికల్స్ ప్రకారం పేర్చాలి, తెలుగు అర్థాలను నోటి మాటల్లో ఇవ్వాలి. ‘పుట్ ఆఫ్’ను ‘పుట్ అప్ విత్’ పక్కనో ‘పుట్ ఔట్’ పక్కనో కాక, ‘కాల్ ఆఫ్’ పక్కన చూపించాలి. మొదటిదాంట్లో పరీక్ష ఇంకో తేదీకి జరిగింది, రెండోదాంట్లో పరీక్షే లేకుండా పోయింది. నోటిఫికేషన్లు, వాయిదాలు, రద్దులు చూసిన అశోక్‌నగర్‌లో ఈ తేడాకు ఉదాహరణలు వెతుక్కోవాల్సిన పని లేదు. ‘పుట్ ఆఫ్’ కింద మొదటి అర్థం వాయిదా వేయడం, రెండో అర్థం మనసు విరిచేయడం, అంటే వాసనో, మాట తీరో చూసి తినబుద్ధి, మాట్లాడబుద్ధి పుట్టకుండా పోవడం. రెండు అర్థాలకూ చెరో రెండు వాక్యాలు, ఒకదాంట్లో కర్మ నామంగా, ఇంకోదాంట్లో ఇట్‌గానో హిమ్‌గానో, క్రియకూ ఆఫ్‌కూ నడుమ. పక్కనే, ఆఫీసు ఉత్తరంలో అయితే ‘పోస్ట్‌పోన్’ రాయవచ్చని ఒక ముక్క.